నాయనమ్మ దాచిన పడవలు

తెలుగు సెక్షన్ల సంగతి, ఖాళీగా ఉన్న టీచర్ పోస్టుల సంగతి, బడి తెరిచాక కూడా చేతికి రాని పాఠ్యపుస్తకాల సంగతి రాయాల్సిన పేజీలో కార్టూన్ సినిమా గురించి ఎందుకని కొందరు పాఠకులు అడగొచ్చు. అడగడం న్యాయమే. అయితే 2016లో డిస్నీ సంస్థ తీసిన ‘మోవానా’ను మన పిల్లల్లో చాలామంది సెలవుల్లో టీవీలోనో ఫోన్లోనో చూసే ఉంటారు. వాళ్లకు గుర్తున్నది సముద్రం, సాహసం, తెలివిలేని ఒక కోడిపుంజు. మేం చూసింది మరొకటి. ఒకే ఇంట్లో మూడు తరాలు. నాయనమ్మకు ఒక విద్య తెలుసు. కొడుకు భయంతో దాన్ని పక్కన పెట్టాడు. మనవరాలికి అది కావాలి. బిడ్డను ఏ మీడియంలో వేయాలో తేల్చుకోలేక ఏటా తల పట్టుకునే బళ్లారి, హోసూరు, బరంపురం, సోలాపూర్ తల్లిదండ్రులకు ఈ కుటుంబం కొత్తదేమీ కాదు.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. పసిఫిక్ మహాసముద్రంలో మోటునూయి అనే ఊహాద్వీపం. దాని పెద్ద పేరు టూయి. ఆయన కూతురు మోవానా. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ దాటి ఎవరూ వెళ్లకూడదన్నది అక్కడి కట్టుబాటు. వెయ్యేళ్ల కిందట మావుయి అనే అర్ధదేవుడు, టె ఫీటి అనే తల్లి దేవత గుండెను దొంగిలించాడు. ఆ గుండె అరచేతిలో ఇమిడే ఓ పచ్చరాయి. అప్పటినుంచి ఒక చీకటి ఒక్కో దీవినే కమ్ముకుంటూ వస్తోంది. చివరికి మోటునూయిలోనూ కొబ్బరికాయలు లోపల నల్లగా కుళ్లిపోతున్నాయి, వలల్లో చేప పడటం లేదు. మోవానా దిబ్బ దాటి, మావుయిని వెతికి పట్టుకుని, ఆ రాయిని మళ్లీ దేవతకు చేర్చడమే కథ. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్.

భయపడే తండ్రి

పిల్లల సినిమాల్లో అడ్డుపడే తండ్రి కొత్త పాత్ర కాదు. సాహసానికి బయల్దేరే బిడ్డ ఉంటే, వద్దనే పెద్దాయన ఒకడు ఉండాల్సిందే. చాలా సినిమాలు ఆయన్ని మూర్ఖుడిగా చూపించి ఊరుకుంటాయి. ‘మోవానా’ టూయి విషయంలో అలా చేయలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయనకూ సముద్రం పిచ్చే. ఓ రోజు ప్రాణస్నేహితుణ్ణి వెంటబెట్టుకుని దిబ్బ దాటాడు. కొండల్లాంటి అలలు లేచాయి. స్నేహితుణ్ణి కాపాడుకోలేకపోయాడు. ఈ సంగతి మోవానాకు చెప్పేది ఆయన కాదు, తల్లి సీనా. తన గాయం గురించి టూయి నోరు విప్పడు. వద్దని మాత్రం గట్టిగా చెబుతాడు.

ఈ టూయి మనకు బాగా తెలిసినవాడు. తెలుగు మీడియంలో పది దాకా చదివి, కాలేజీలో అడుగుపెట్టిన తొలిరోజు ఇంగ్లిష్‌లో పేరు చెప్పబోయి తడబడినప్పుడు క్లాసు క్లాసంతా నవ్విన నవ్వు కొందరికి ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. ఆ నవ్వు తన బిడ్డ వినకూడదనుకుంటాడు ఆ తండ్రి. ఇంట్లో తల్లిని కూడా, ‘వాడితో తెలుగు మాట్లాడకమ్మా, కలగాపులగం అవుతుంది’ అంటాడు. అది తెలుగు మీద ద్వేషం కాదు. బిడ్డ మీద ప్రేమే. అతన్ని ఎగతాళి చేసే వ్యాసాలు మేం చాలా చదివాం. వాటివల్ల ఒక్క తండ్రి మనసు మారినట్టు మాత్రం మాకు కనబడలేదు.

సినిమా టూయిని వెక్కిరించదు, అలాగని ఆయన లెక్కను ఒప్పుకోదు కూడా. దిబ్బ లోపల ఉంటే క్షేమం అన్నది ఆయన లెక్క. కానీ కొబ్బరి కుళ్లింది దిబ్బ లోపలే. చేపలు లేకుండా పోయింది దిబ్బ లోపలే. ‘చెట్లు కొట్టేసి కొత్త తోట వేద్దాం’, ‘వలలు దీవికి అవతలి వైపు వేద్దాం’ అని మోవానా మొదట తండ్రి గీసిన గీత లోపలే ఉపాయాలు వెతుకుతుంది. అవేవీ పనిచేయవు. ఆ తర్వాతే దిబ్బ దాటే మాట ఎత్తుతుంది. తరగతిలో ఈ వరుసను పిల్లల చేత చెప్పిస్తే బాగుంటుంది. సాహసం అంటే మొదటి రోజే తండ్రి మాట కాదని పరుగెత్తడం కాదని వాళ్లే గమనిస్తారు.

ఊరి చివర ముసలమ్మ

ఇక నాయనమ్మ టాలా. సమోవా భాషలో టాలా అంటే కథ. సినిమా మొదలయ్యేది ఆమె పసిపిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పే కథతోనే. రాక్షసుల దగ్గరికి వచ్చేసరికి మిగతా పిల్లలు జడుసుకుంటారు. ఒక్క మోవానా మాత్రం కళ్లింతలు చేసుకుని వింటుంది. ఇంతలో టూయి వచ్చి కథను మధ్యలోనే ఆపేస్తాడు. సినిమా మొత్తం ఆ ఒక్క సన్నివేశంలో ఉంది.

ఊరు టాలాను పిచ్చిదంటుంది. ఆమె కూడా కాదనదు. నీళ్ల ఒడ్డున ఒంటరిగా అలలతో నాట్యమాడుతుంది. మన జానపద కథలు విన్నవాళ్లకు ఆమెను పోల్చుకోవడం కష్టం కాదు. రాకుమారుడు ఏ ఊరు వెళ్లినా ఊరి చివర ఒక పెదరాసి పెద్దమ్మ ఉంటుంది. పూటకూళ్ల అన్నం పెడుతుంది, పడుకోవడానికి చోటిస్తుంది, రాజుగారి కోటలో ఏం జరుగుతోందో, రాక్షసుడి ఆయువుపట్టు ఎక్కడుందో ఆమే చెబుతుంది. ఆమె మాత్రం గుమ్మం దాటి రాదు. టాలా కూడా ప్రయాణంలో రాదు. దారి చెప్పి ఆగిపోతుంది.

ఇంకో పోలిక మాకు మరీ ఇష్టం. సముద్రం ఒడ్డున వానరులంతా దిగాలుగా కూర్చున్నప్పుడు హనుమంతుడికి అతని బలం అతనికే గుర్తుచేసినవాడు జాంబవంతుడు, ఆ గుంపులో అందరికంటే ముసలివాడు. తాను ఎగరలేనని ఒప్పుకుంటాడు, ఎగరగలిగినవాణ్ణి లేపుతాడు. పసిఫిక్ కథకులు రామాయణం చూసి రాశారని మేం అనడం లేదు. సముద్రం దాటాల్సిన ప్రతి కథకూ ఒడ్డున ఇలాంటి ముసలివాళ్లు కావాలి.

టాలా మోవానాను ఒక గుహ దగ్గరికి తీసుకెళ్తుంది. రాళ్లతో మూసిన గుహ. లోపలికెళ్లి డప్పు కొట్టు, తెలుస్తుంది అంటుంది. లోపల వరసగా నిలబెట్టిన పెద్ద పెద్ద పడవలు. డప్పు మోగగానే తెరచాపల మీద పూర్వీకులు కదలాడతారు. దిబ్బ దాటకపోవడమే మన సంప్రదాయం అని ఇన్నాళ్లూ విన్న పిల్లకు, తన పెద్దలు సముద్రాలు దాటి వచ్చినవాళ్లని అప్పుడు తెలుస్తుంది. పోయిన పడవలు తిరిగి రాకపోవడంతో భయపడి, ఊరి క్షేమం కోసమే పాత పెద్దలు వాటిని దాచారు. తర్వాతి తరాలు దాచిన సంగతే మరిచిపోయాయి.

మన ఊళ్లలో కూడా ఇలాంటి గుహలున్నాయి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలున్నాయి. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజు కీర్తనలు కట్టింది తెలుగులో. ఆధునిక తెలుగు నాటకానికి తొలి అడుగులు వేయించినవాళ్లలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారి రాఘవ ఉన్నారు. ఇద్దరి రంగస్థలం బళ్లారే. రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది బరంపురంలోని తెలుగు ఇంట్లో. సోలాపూర్, భివండి మగ్గాల మీద పద్మశాలీల చెమట ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి కూడా తెలుగు మాట్లాడుతూనే వచ్చింది. ఈ పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఈసారి ఉపాధ్యాయులు ఊరికే అడిగి చూడండి. మనం వలస వచ్చినవాళ్లమని పిల్లలు సిగ్గుపడటం మేం చూస్తుంటాం. వలస రావడమంటే దారి తెలిసి రావడం అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నిజంగా జరిగిన మోవానా కథ

సినిమాలోని ఊహకు వెనక చరిత్ర ఉంది. పాలినీషియా ప్రజల పూర్వీకులు సుమారు 3,000 ఏళ్ల కిందట టోంగా, సమోవా దీవులు చేరారు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా తూర్పుకు కదలలేదు. ఎందుకు ఆగారన్నదాని మీద పరిశోధకులు ఒక్క మాట మీద లేరు. ఆ ఆగడాన్నే డిస్నీ కథకులు కథా వస్తువుగా తీసుకున్నారు. ఆ తర్వాత ఆ జనం మళ్లీ పడవలెక్కి తహితి, హవాయి, న్యూజిలాండ్ దాకా వెళ్లారు. చేతిలో దిక్సూచి లేదు. నక్షత్రాలు, అలల వాటం, పక్షులు పోయే దిక్కు, మబ్బుల రంగు చూసి దారి పట్టేవారు.

యూరప్‌వాళ్లు వచ్చాక ఆ విద్య హవాయిలో పూర్తిగా మరుగున పడింది. 1970ల్లో కొందరు పూనుకుని ‘హోకులెయా’ అనే జంట పడవను పాత నమూనాలో కట్టారు. పడవైతే సిద్ధమైంది గానీ నక్షత్రాలు చూసి నడిపేవాడు హవాయి దీవులన్నింటిలో ఒక్కడూ దొరకలేదు. చివరికి మైక్రోనేషియాలోని సతవల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియాయిలుగ్ అనే నావికుణ్ణి పిలిపించారు. ఆయనకు ఆ విద్య తాత దగ్గర వచ్చింది, చాలా చిన్నప్పుడే. 1976లో పరికరాలేవీ లేకుండా ఆయన హోకులెయాను హవాయి నుంచి తహితికి నడిపించాడు. దాదాపు 4,000 కిలోమీటర్లు, నెలకు పైగా ప్రయాణం. తీరంలో వేలాది మంది ఎదురొచ్చారు. నాలుగేళ్ల తర్వాత, 1980లో, నైనోవా థాంప్సన్ అనే హవాయి యువకుడు అదే దారిని సొంతంగా నడిపాడు.

మౌ చేసినదాంట్లో ఇంకో సంగతి ఉంది. సొంత దీవిలో కుర్రాళ్లకు ఆ విద్య మీద ఆసక్తి తగ్గిపోతోందని ఆయనకు దిగులు. ఇంటివాళ్లకే చెప్పాలన్న ఆనవాయితీని పక్కన పెట్టి బయటివాళ్లకు నేర్పాడు. అది కొందరికి నచ్చలేదు. అయినా నేర్పాడు. ఆయనకూ టూయికీ తేడా మాకు అక్కడ కనిపించింది. ఇద్దరిదీ భయమే. ఒకరు విద్యను మూసిపెట్టారు, ఒకరు పంచారు.

గూడు కట్టి నిలబెట్టిన భాష

పడవలకు జరిగిందే ఆ దీవుల్లో భాషలకూ జరిగింది. హవాయిలో 1896 నాటి చట్టం బడుల్లో ఇంగ్లిష్‌నే బోధనా భాష చేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పిల్లలకు హవాయి భాషలో చదువు లేదు. ఆ అడ్డంకి 1986 దాకా తొలగలేదు. న్యూజిలాండ్‌లో మావోరి తల్లిదండ్రులు చాలామంది పిల్లల మంచి కోరే ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడారు. ఒక తరం గడిచేసరికి మావోరి బాగా వచ్చినవాళ్లంతా తాతలూ అవ్వలే అయ్యారు.

అప్పుడు వాళ్లు చేసిన పని చాలా సాదాసీదాది. 1982లో మొదటి ‘కోహంగా రెయో’ తెరిచారు. ఆ మాటకు అర్థం భాష గూడు. బడి ఈడు రాని పిల్లలను అక్కడ వదిలితే, పెద్దవాళ్లు వాళ్లతో రోజంతా మావోరిలోనే మాట్లాడతారు, పాడతారు, అన్నం తినిపిస్తారు. మధ్యతరం దగ్గర తెగిన దారాన్ని రెండు చివర్లూ పట్టుకుని ముడేశారన్నమాట. 1984లో హవాయివాళ్లు కూడా అదే దారిలో ‘పునానా లెయో’ బడి మొదలుపెట్టారు. 1987లో మావోరి న్యూజిలాండ్ అధికార భాషల్లో ఒకటైంది.

‘మోవానా’ ఈ ఇళ్లకు చేరిన తీరు చూడండి. సినిమా విడుదలైన ఏడాదే తహితి భాషలో వచ్చింది. 2017 సెప్టెంబరులో, మావోరి భాషా వారోత్సవాల్లో, మావోరి మాటలతో తొలిసారి ప్రదర్శించారు. 30 థియేటర్లలో టికెట్ లేకుండా చూపించారు. ఇంగ్లిష్‌లో నాయనమ్మకు, తండ్రికి గొంతిచ్చిన రేచల్ హౌస్, టెమ్యూరా మారిసన్ ఇద్దరూ మావోరీలే. మావోరి మాటలూ వాళ్లే చెప్పారు. 2018లో హవాయి భాషలో వచ్చింది. మోవానాగా మాట్లాడిన ఆవులీ క్రవాల్యో హవాయి అమ్మాయి. సొంత దీవుల భాషలో ఆ పాత్రను మళ్లీ పలికింది. మావోరిలో ఆ తర్వాత ‘లయన్ కింగ్’, ‘ఫ్రోజెన్’ కూడా వచ్చాయి.

మనకు ఆ కరువు లేదు. 2011 జనగణనలో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు 8 కోట్లకు పైనే. 2019లో ‘లయన్ కింగ్’ తెలుగులో వస్తే నాని, బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు. అదే ఏడాది ‘ఫ్రోజెన్ 2’ కూడా తెలుగులో మాట్లాడింది. మావోరివాళ్లు ఒక సినిమా కోసం పడ్డ పాట్లు మనకు అక్కర్లేకుండానే వచ్చిపడుతున్నాయి. అయినా మన ఇళ్లలో పిల్లలు రిమోట్ తీసుకుని హిందీనో తమిళాన్నో ఇంగ్లిష్‌నో ఎంచుకుంటారు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. రిమోట్ మాత్రం మన చేతిలోనే ఉంది.

మావుయి, కర్ణుడు

సినిమాలో పిల్లలకు అందరికంటే నచ్చేది మావుయి. ఒంటినిండా పచ్చబొట్లు, చేతిలో మంత్రపు గాలం, నోటినిండా గొప్పలు. సూర్యుణ్ణి కట్టి పగటిని పొడుగు చేశానంటాడు, సముద్రం నుంచి దీవులు లాగానంటాడు, నిప్పు తెచ్చానంటాడు. ఇవన్నీ పాలినీషియా పురాణాల్లో నిజంగా ఉన్నవే. న్యూజిలాండ్ ఉత్తర దీవికి మావోరి పేరే ‘మావుయి పట్టిన చేప’ అని అర్థమిచ్చేది.

పండితులు ఇలాంటి పాత్రను మాయలమారి వీరుడంటారు. దొంగతనం చేస్తాడు, ఆ దొంగతనంతోనే జనానికి మేలూ చేస్తాడు. అయితే ఆ గొప్పల వెనక ఒక పచ్చబొట్టు ఉంది. అందులో ఒక తల్లి పసికందును సముద్రంలోకి విసిరేస్తుంది. ఆ పసివాడే మావుయి. దేవతలు చేరదీసి గాలం ఇచ్చారు. మనుషులు తనను మెచ్చుకోవాలనే అన్నీ చేశాడు, ఎన్ని చేసినా తనివి తీరలేదు. కన్నతల్లి నీళ్లలో వదిలేసిన కొడుకు, అడిగినవాడికల్లా ఇచ్చి పేరు తెచ్చుకున్న దాత మనకు కర్ణుడు కాక ఇంకెవరు? ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వ్యాసం రాయమంటే గైడులో దొరకని వ్యాసాలు వస్తాయి.

టామటోవా అనే రాక్షస పీత గురించి ఒక్క మాట చాలు. వీపు మీద బంగారం అతికించుకుని తళతళలాడే ఆ పీత, మనసు మాట వినమని చెప్పిన నాయనమ్మను పాటకట్టి మరీ వెక్కిరిస్తుంది. టీవీ ప్రకటనలు రోజూ చేసే పనే అది.

సముద్రమే మోవానాను ఎంచుకుందన్న సంగతి మాకు అంతగా రుచించలేదు. ఎన్నికైన బిడ్డ, జాతకంలో రాసిపెట్టిన నాయకుడు అన్నది అరిగిపోయిన బాణీ. ఆ పిల్లలో మాకు నచ్చినది వేరు. ఆమెకు పడవ నడపడం రాదు. మొదటిసారి వెళ్లి దిబ్బ దగ్గరే బోల్తా పడి, కాలు నలగ్గొట్టుకుని వస్తుంది. నక్షత్రాన్ని చేత్తో కొలవడం కూడా తప్పు పడితే మావుయి సరిచేస్తాడు. చూసిన ప్రతిసారీ మాకు అది లెక్కల క్లాసులా ఉంటుంది.

చంపకుండా గెలిచిన కథ

బాలనాగమ్మ కథ బుర్రకథగానో సినిమాగానో మన పెద్దలకు తెలుసు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. బాలవర్ధి సాహసం చేసి ఆ చిలుకను పట్టుకుంటాడు. చిలుక పోతే ఫకీరు పోతాడు. ఒంటికి బయట ప్రాణం ఉండటం ప్రపంచంలో చాలా జానపద కథల్లో కనిపిస్తుంది. ‘మోవానా’లో కూడా గుండె ఒంటికి బయటే ఉంది. కానీ కథ తిరిగిన దిక్కు వేరు.

టె కా అనే అగ్నిరాక్షసి దారికి అడ్డంగా నిలబడుతుంది. నిప్పులు విసురుతుంది. ఒకసారి మావుయి గాలం పగిలేంత పనవుతుంది. అతను వదిలేసి పోతాడు. మోవానా కూడా రాయిని సముద్రానికి ఇచ్చేస్తుంది. అప్పుడు టాలా ఆత్మ తిరండి చేప రూపంలో వచ్చి, వెళ్లి తీరాలనడం లేదు, ఇంటికి వెళ్తానంటే నేను తోడు వస్తానంటుంది. పిల్లల మీద మన ఆశలన్నీ మోపే మనం ఈ చోట కాస్త ఆగాలి. బలవంతం తీసేసిన తర్వాతే ఆ పిల్ల తాను ఎవరో తన నోటితో చెప్పుకుంటుంది. ఎవరి కూతురో, ఏ పడవవాళ్ల వారసురాలో, తానింకా ఏమేం చేసిందో వరసగా.

తీరా టె ఫీటి ఉండాల్సిన చోట ఏమీ లేదు. అప్పుడు వెనక్కి తిరిగి రాక్షసి రొమ్ము మీది గుర్తు చూస్తుంది. గుండె పోగొట్టుకున్న తల్లే ఆ రాక్షసి. మోవానా ఆయుధం ఎత్తదు. సముద్రాన్ని దారి వదలమని అడిగి, ఎదురుగా నడిచి వెళ్లి, రాయిని దాని చోట పెడుతుంది. నిప్పు చల్లారి పచ్చగా చిగురిస్తుంది. ఇక్కడ పోగొట్టిన గుండెను చిలుకలా పట్టి నులమలేదు, తిరిగి ఇచ్చారు. బాలవర్ధి కథ తక్కువదని దీని అర్థం కాదు. రెండూ చెప్పి, పిల్లలకు ఏది నచ్చిందో, ఎందుకో అడగాలి. మాయల ఫకీరును వదిలేస్తే ఇంకెంతమందిని ఎత్తుకుపోతాడో అనే పిల్లా ఉంటుంది. ఉండనివ్వాలి.

సినిమా మీద విమర్శలూ తక్కువ కాదు. మావుయిని మరీ లావుగా చూపించారని పాలినీషియావాళ్లు కొందరు కోప్పడ్డారు. అతని చర్మంలా ఉండే వేషాన్ని పిల్లలకు అమ్మబోతే గొడవై డిస్నీ వెనక్కి తీసుకుంది. పురాణంలో మావుయి పక్కన కనిపించే హీనా దేవత సినిమాలో లేనేలేదు. సమోవా, ఫిజీ, తహితి, మావోరి సంస్కృతులను కలిపి ఒకే ఊహాదీవి చేశారు. ఆ దీవుల పండితులతో సలహా సంఘం పెట్టుకున్నా ఇవి తప్పలేదు. పై తరగతుల పిల్లలకు ఈ సంగతులూ చెప్పాలి. మన కథలను ఎవరో తీస్తే మనకు ఎలా ఉంటుందో ఊహించుకోవడం వాళ్లకు కష్టం కాదు.

తరగతిలో

ఈ సినిమాతో తెలుగు పీరియడ్‌లో చేయించదగ్గ పని ఒకటి చెబుతాం. రెండు నిమిషాల సన్నివేశం ఎంచుకుని శబ్దం తీసేయండి. పిల్లలనే మాటలు రాసి చెప్పమనండి. టాలా, మోవానా మాట్లాడుకునే చోటు అయితే మంచిది. మొదటి మాట దగ్గరే పేచీ వస్తుంది. ఆమెను ఏమని పిలవాలి? యానాం పిల్లలు మామ్మ అంటారు, బళ్లారివాళ్లు అవ్వ అంటారు, మరో ఇంట్లో నాయనమ్మ, ఇంకో ఇంట్లో జేజి. ఏదీ తప్పు కాదని ఉపాధ్యాయులు ముందే చెప్పాలి. పాఠ్యపుస్తకంలో మాట లేదని ఇంటి మాటను కొట్టేస్తే ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. తండ్రితో మోవానా ‘నువ్వు’ అంటుందా, ‘మీరు’ అంటుందా అన్నది ఇంకో పేచీ. అది తేల్చడానికి పీరియడ్ సరిపోదు. తెడ్డు, తెరచాప, చుక్కాని, లంగరు లాంటి మాటలు సముద్రం చూడని ఊళ్ల పిల్లలకు కొత్త. మాట తెలియక ఆగినప్పుడు చెబితే గుర్తుంటాయి.

మోవానా అంటే సముద్రం అని చెప్పి, హవాయి, మావోరి, తహితి, సమోవా భాషలన్నింటిలోనూ అదే మాట అని కూడా చెప్పండి. తెలుగులో కన్ను, కన్నడంలో కణ్ణు, తమిళంలో కణ్ అని పిల్లలే అందుకుంటారు. పొరుగు భాష మీద చిన్నచూపు లేకుండా సొంత భాషను నిలబెట్టుకోవడం మన బడుల్లో రోజూ జరగాల్సిన పని. రెండు భాషల నడుమ పెరిగే మన పిల్లలకు ఇలాంటి పోలికలు పట్టణాల్లో ఒకే భాషతో పెరిగేవాళ్లకంటే త్వరగా తడతాయి.

మావోరి పిల్లలు తమను పరిచయం చేసుకునేటప్పుడు మొదట పేరు చెప్పరు. మా కొండ ఫలానా, మా నది ఫలానా, మా పెద్దలు వచ్చిన పడవ ఫలానా అని చెప్పి, చివర్లో తమ పేరు చెబుతారు. దాన్ని పెపేహా అంటారు. మన పిల్లల చేతా చెప్పించొచ్చు. బళ్లారి పిల్లకు తుంగభద్ర ఉంది, యానాం పిల్లవాడికి గౌతమి ఉంది, హోసూరువాళ్లకు దక్షిణ పినాకిని. బరంపురంవాళ్లకు ఋషికుల్య, మహేంద్రగిరి. సోలాపూర్ పిల్లలకు భీమ, సీనా నదులున్నాయి. సీనా మోవానా తల్లి పేరు కూడా కావడంతో ఆ క్లాసులో నవ్వులు ఖాయం. పడవ దగ్గర మాత్రం పిల్లలు ఆగిపోతారు. మా తాతలు దేనిమీద వచ్చారు? ఎడ్లబండా, రైలా, నెత్తిన మూటతో కాలినడకా? మగ్గం పట్టుకుని వచ్చారా, సైన్యంతో వచ్చారా, లేక వాళ్లు ఎక్కడికీ రాలేదు, 1953లోనో 1936లోనో రాష్ట్ర సరిహద్దే జరిగి వాళ్లను దాటి వెళ్లిందా? ఆ జవాబు పుస్తకంలో దొరకదు. ఇంటికెళ్లి ముసలివాళ్లను అడిగి రావాలి. అడిగేటప్పుడు తెలుగులో అడగాలి. ఆ ఒక్క షరతు పెట్టండి.

సినిమా నిడివి 107 నిమిషాలు. ఒకే రోజు కూర్చోబెట్టకుండా రెండు పూటలుగా చూపిస్తే మేలు. మోవానా, మావుయి కలుసుకున్న చోట ఆపితే మరుసటి రోజుకు పిల్లలు తామే ముందొచ్చి కూర్చుంటారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పీత లోకం, అగ్నిరాక్షసి సన్నివేశాలు జడిపించవచ్చు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. వీలైతే ఆ పెద్దవాళ్లు అవ్వలూ తాతలూ అయ్యేలా చూడండి.